ఒక్కరే రాసుకునే హెల్ప్ పేజీలకు ఎంకేడాక్స్, మెటీరియల్ థీమ్: మూడేళ్లు వాడాక నా రివ్యూ

ముందే చెప్పేస్తాను. సాఫ్ట్‌వేర్ రాయడం, అమ్మడం, సపోర్ట్ మెయిళ్లకు జవాబివ్వడం అన్నీ మీరొక్కరే చేసుకుంటున్నట్టయితే, యూజర్ల కోసం హెల్ప్ పేజీలు రాయడానికి ఎంకేడాక్స్ తీసుకోండి, దాని మీద మెటీరియల్ థీమ్ వేసుకోండి. నేను మూడేళ్లుగా వాడుతున్నాను, రేపు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టమన్నా దాదాపు ఇదే దారిలో వెళ్తాను. కాకపోతే నన్ను రోజుల తరబడి తిప్పలు పెట్టిన సంగతులు ఇందులో కొన్ని ఉన్నాయి, 2025 చివర్లో దీని భవిష్యత్తు గురించి ఒక పెద్ద ప్రకటన కూడా వచ్చింది. అవి తెలుసుకుని దిగితే మంచిదని ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

నేను చేసేది ఒక డెస్క్‌టాప్ ప్రోగ్రాం. ఫొటోలను, స్కాన్ చేసుకున్న పాత కాగితాలను ట్యాగ్‌లు పెట్టి సర్దుకోవడానికి పనికొస్తుంది. వాడేవాళ్లలో ప్రోగ్రామర్లు దాదాపు లేరు. రిటైరైన వాళ్లు, ఇంట్లో పాత ఆల్బమ్‌లు స్కాన్ చేస్తున్న వాళ్లు, చిన్న ఆఫీసుల్లో ఫైళ్లు చూసుకునే వాళ్లు. వాళ్లకి హెల్ప్ పేజీ అవసరం పడేది ప్రశాంతంగా ఉన్నప్పుడు కాదు, ఏదో పోయిందనో పాడైందనో టెన్షన్‌లో ఉన్నప్పుడు. ఈ మాట గుర్తుపెట్టుకుని మిగతాది చదవండి, ఎందుకంటే టూల్ మంచిదా కాదా అని నేను చూసేదంతా అక్కడి నుంచే.

దీనికంటే ముందు నేను డబ్బు కట్టి ఒక హోస్టెడ్ సర్వీస్ (పేజీలన్నీ వాళ్ల సర్వర్‌లోనే ఉండేది) వాడాను, పేరు అనవసరం. బ్రౌజర్‌లోనే రాసుకోవచ్చు, ఫొటోలు లాగి పడేయొచ్చు, చూడ్డానికి బాగుండేది. రాయడం కూడా తేలిగ్గానే ఉండేది. దెబ్బ పడింది వేరే చోట. ఒక వెర్షన్‌లో నేను మెనూ మార్చాను. అంతకు ముందు బ్యాకప్‌ను వెనక్కి తెచ్చుకోవడానికి కూడా 'దిగుమతి' అనే బటనే ఉండేది, దాన్ని విడదీసి 'బ్యాకప్ నుంచి తెచ్చుకో' అని వేరే బటన్ పెట్టాను. కోడ్ మార్చాను, టెస్టులు రాశాను, రిలీజ్ చేశాను. హెల్ప్ మాత్రం వేరే వెబ్‌సైట్‌లో, వేరే లాగిన్ వెనక ఉంది, అది నా కళ్ల ముందు లేదు. కొన్ని వారాల తర్వాత ఒకావిడ కంప్యూటర్ డిస్క్ పోయింది, కొత్త కంప్యూటర్‌లో కొత్త వెర్షన్ వేసుకుని, నా హెల్ప్ పేజీ తెరిచి, అందులో ఎలా రాసి ఉందో అలాగే 'దిగుమతి' నొక్కి బ్యాకప్ ఫోల్డర్ చూపించారు. ఫొటోలన్నీ కొత్త ఫొటోల్లా వచ్చి చేరాయి, ఏళ్ల తరబడి ఆవిడ పెట్టుకున్న ట్యాగ్‌లు, పేర్లు ఒక్కటీ రాలేదు. అవి బ్యాకప్‌లో భద్రంగానే ఉన్నాయి, మర్నాడు ఇద్దరం కలిసి మెయిళ్లలోనే రెండు గంటలు కూర్చుని అన్నీ వెనక్కి తెచ్చాం. కానీ ఆ రాత్రంతా ఆవిడ, చనిపోయిన వాళ్ల నాన్నగారి ఫొటోల కింద తను రాసుకున్నవన్నీ పోయాయనే అనుకున్నారు. ఆవిడ చేసిన తప్పు ఏమీ లేదు. నేను రాసింది నమ్మారు, అంతే.

ఆ వారమే నిర్ణయించుకున్నాను, హెల్ప్ పేజీలు కోడ్ ఉన్న ఫోల్డర్‌లోనే ఉండాలి, బటన్ పేరు మారితే ఆ మార్పూ పేజీలో మార్పూ ఒకే కమిట్‌లో, అంటే ఒక్కసారి నమోదు చేసే మార్పుల కట్టలో వెళ్లాలి. ఎంకేడాక్స్ దగ్గరికి నేను వచ్చింది ఈ ఒక్క కారణానికి.

తెలియని వాళ్ల కోసం రెండు మాటలు. ఎంకేడాక్స్ పైథాన్‌లో రాసిన ఉచిత టూల్. వెబ్ ప్రోగ్రాంలు రాసేవాళ్లు వాడే జాంగో రెస్ట్ ఫ్రేమ్‌వర్క్ చేసిన టామ్ క్రిస్టీ 2014లో మొదలుపెట్టారు. మీరు మార్క్‌డౌన్ ఫైళ్లలో (శీర్షికలు, బోల్డ్ లాంటివి చిన్న గుర్తులతో చూపే మామూలు టెక్స్ట్ ఫైళ్లు) రాస్తారు, ఒక యామల్ ఫైల్‌లో సెట్టింగులు పెడతారు, ఒక కమాండ్ కొడితే మొత్తం మామూలు హెచ్‌టీఎంఎల్ పేజీలుగా తయారవుతుంది. డేటాబేస్ లేదు, సర్వర్‌లో నడవాల్సిన ప్రోగ్రాం ఏమీ లేదు, ఆ ఫోల్డర్‌ను ఎక్కడ పడేస్తే అక్కడ సైట్ ఉంటుంది. రాస్తున్నప్పుడు సర్వ్ కమాండ్ నడిపి పెట్టుకుంటే సేవ్ చేసిన ప్రతిసారీ బ్రౌజర్‌లో పేజీ తనంతట తానే మారుతుంది. మెటీరియల్ అనేది దాని మీద వేసుకునే థీమ్, మార్టిన్ డోనాథ్ 2016లో మొదలుపెట్టారు, పేరుకు థీమ్ గానీ సెర్చ్, మడత పెట్టే పెట్టెలు, చీకటి వెలుతురు రంగులు ఇలా అసలు పనంతా ఎక్కువగా దానిదే.

మొదలుపెట్టడం తేలిక. పైథాన్ ఉంటే, దాని ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే పిప్‌తో ఒక్క లైన్. ఒక పూటలో నా పాత పేజీల్లో పది దాకా ఎక్కించేశాను. అసలు కష్టం పాత సర్వీస్ నుంచి బయటికి తీయడంలో వచ్చింది. ఎక్స్‌పోర్ట్ అయితే ఇచ్చారు, కానీ అందులో బొమ్మలన్నీ వాళ్ల సర్వర్ చిరునామాలతోనే ఉన్నాయి, అకౌంట్ మూసేస్తే అవి మాయమవుతాయి. ఒక్కొక్కటీ దించుకుని, పేర్లు పెట్టి, లింకులు మార్చుకోవాల్సి వచ్చింది. ఏ సర్వీస్‌లో చేరేముందైనా ఒక పేజీ, ఒక బొమ్మ పెట్టి, ఎక్స్‌పోర్ట్ చేసి, నెట్ ఆపేసి తెరిచి చూడండి. ఐదు నిమిషాల పని.

ఇప్పుడు నాకు అన్నిటికంటే నచ్చిన విషయం. బిల్డ్ కమాండ్‌కు స్ట్రిక్ట్ అనే ఆప్షన్ ఉంది, అది పెడితే ప్రతి హెచ్చరికనూ తప్పుగా లెక్కేసి బిల్డ్ ఆపేస్తుంది. ఒక పేజీని తీసేసి దానికి ఉన్న లింకు మర్చిపోయారా, బొమ్మ పేరు మార్చి పేజీలో పాత పేరు వదిలేశారా, సైట్ తయారవ్వదు. నేను దీన్ని రిలీజ్ స్క్రిప్ట్‌లోనే పెట్టేశాను, హెల్ప్ బిల్డ్ అవ్వకపోతే ప్రోగ్రాం కూడా రిలీజ్ అవ్వదు. వెనక తప్పులు చూసే ఇంకో మనిషి లేని వాళ్లకి ఇది ఎంత ధైర్యమో చెప్పలేను. ఒక్కటి మాత్రం గమనించండి, పేజీలోని ఫలానా శీర్షిక దగ్గరికి వెళ్లే లింకులను సరిచూడడం 1.6 వెర్షన్‌లో వచ్చింది, అది కూడా మామూలుగా ఉత్త సమాచారంగానే చూపిస్తుంది, స్ట్రిక్ట్‌కి దొరకదు. వ్యాలిడేషన్ సెట్టింగుల్లో యాంకర్స్ అనే దాన్ని వార్న్‌కి మార్చుకుంటేనే పట్టుకుంటుంది. నేను మార్చిన రోజున 14 చచ్చిన లింకులు బయటపడ్డాయి.

బటన్ల పేర్ల సంగతి ఎంకేడాక్స్ దానంతట అది చూడదు, అది నేను కట్టుకున్నదే. ప్రోగ్రాంలో కనిపించే మాటలన్నీ ఒకే ఫైల్‌లో ఉంటాయి. హెల్ప్ పేజీల్లో బటన్ పేరు రాసిన ప్రతిచోటా దాన్ని బోల్డ్‌లో పెడతాను, బోల్డ్‌ను ఇంకే పనికీ వాడను. ఒక చిన్న స్క్రిప్ట్ పేజీలన్నీ చదివి, బోల్డ్‌లో ఉన్న ప్రతి మాటా ఆ ఫైల్‌లో ఉందో లేదో చూస్తుంది. ముప్పై లైన్లు కూడా ఉండదు. ఆ రోజుల్లో ఇది ఉండి ఉంటే ఆవిడకు ఆ రాత్రి ఉండేది కాదు. పేజీలు మామూలు టెక్స్ట్ ఫైళ్లు కాబట్టే ఇలాంటిది వీలైంది, ఎవరి ఎడిటర్‌లోనో ఎవరి డేటాబేస్‌లోనో ఉంటే నేను చేయగలిగేవాణ్ణి కాదు.

సెర్చ్ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. మెటీరియల్‌లో సెర్చ్ పూర్తిగా బ్రౌజర్‌లోనే నడుస్తుంది, దాని వెనక ఉన్నది లునర్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ. సర్వర్ అక్కర్లేదు, ఎవరికీ డబ్బు కట్టక్కర్లేదు, యూజర్ ఏం వెతికాడో బయటికి పోదు. ఫలితాల్లో పేజీ పేరుతో పాటు అందులో ఏ శీర్షిక కింద ఆ మాట ఉందో కూడా చూపిస్తుంది, నేరుగా అక్కడికే తీసుకెళ్తుంది. నలభై యాభై పేజీల హెల్ప్‌కి ఇది చాలా బాగా సరిపోతుంది.

కానీ దానికి సమానార్థాలు తెలియవు. నా పేజీలో 'రీస్టోర్' అని ఉంటే, 'పోయాయి' అని వెతికిన మనిషికి ఏమీ దొరకదు. కష్టంలో ఉన్న మనిషి మన మాటలతో వెతకడు, తన మాటలతో వెతుకుతాడు. నేను సపోర్ట్ మెయిళ్లు మొదటి రోజు నుంచీ దాచుకున్నాను, వాటి సబ్జెక్ట్ లైన్లన్నీ ఒకచోట పెట్టుకుని చదివితే కళ్లు తెరుచుకున్నాయి. 'ఫొటోలు కనిపించడం లేదు', 'అన్నీ ఖాళీ అయిపోయాయి', 'పాతవి ఎక్కడికి పోయాయి' ఇవీ వాళ్ల మాటలు. 'కేటలాగ్ రికవరీ' అన్నవాళ్లు ఒక్కరు లేరు, నా పేజీ పేరు మాత్రం అదే. పేజీ పేర్లు మార్చాను, ప్రతి పేజీ మొదటి పేరాలో యూజర్లు వాడే మాటలే వచ్చేలా వాక్యాలు తిరగరాశాను. ఆ తర్వాత ముఖ్యమైన పేజీల పైభాగంలో సెర్చ్ బూస్ట్ అనే సెట్టింగ్ పెట్టాను, దాంతో ఆ పేజీ ఫలితాల్లో పైకి వస్తుంది. బ్యాకప్ పేజీకి పెట్టాను, ఎందుకంటే 'ఫొటోలు' అని వెతికితే నా ప్రోగ్రాంలో ప్రతి పేజీ వస్తుంది. వెర్షన్ వెర్షన్‌కి ఏం మారిందో చెప్పే పొడుగాటి పేజీని సెర్చ్ నుంచి పూర్తిగా తీసేశాను, దానికీ సెట్టింగ్ ఉంది. అది తీసేసిన తర్వాతే ఫలితాలు మనిషి చదివేలా అయ్యాయి.

చిరాకులకు వద్దాం. ఎంకేడాక్స్ లోపల వాడేది పైథాన్ మార్క్‌డౌన్ అనే లైబ్రరీ. అంకెలు వేసిన మెట్ల మధ్యలో ఒక బొమ్మో ఒక గమనికో పెట్టాలంటే దాని ముందు కచ్చితంగా 4 ఖాళీలు ఉండాలి. మిగతా చాలా చోట్ల 3 చాలు, ఎడిటర్ ప్రివ్యూలో బాగానే కనిపిస్తుంది, సైట్‌లో మాత్రం బొమ్మ తర్వాత లెక్క మళ్లీ 1 నుంచి మొదలవుతుంది. హెల్ప్ పేజీ అంటేనే మెట్లు, మెట్లంటే మధ్యలో బొమ్మలు, కాబట్టి ఇది అందరికీ తగిలేదే. ఏడు మెట్ల పేజీ 1, 2, 3, 1, 2, 1, 2 అని కనిపిస్తుంటే 'మెట్టు 5 చూడండి' అన్న మాటకు అర్థమే లేదు. స్ట్రిక్ట్ కూడా దీన్ని పట్టుకోదు, ఎందుకంటే దాని దృష్టిలో తప్పేమీ లేదు. ఎడిటర్‌లో మార్క్‌డౌన్ ఫైళ్లకు ట్యాబ్ కొడితే 4 ఖాళీలు పడేలా మొదటి రోజే పెట్టుకోండి.

సెట్టింగుల యామల్ ఫైల్ కూడా అంతే, ఖాళీల లెక్క తప్పితే ఒప్పుకోదు, ట్యాబ్‌లు అసలే ఒప్పుకోదు. మొదట్లో ఇరవై లైన్లుంటుంది, మెటీరియల్ ఫీచర్లు ఒక్కొక్కటీ ఆన్ చేసుకుంటూ పోతే వందలు దాటుతుంది, ఆరు నెలల తర్వాత చూస్తే ఏ లైన్ ఎందుకు పెట్టామో గుర్తుండదు. ప్రతి లైన్ పక్కన ఎందుకో రాసుకోవడం నాకు బాగా పనికొచ్చింది.

ఇంకొకటి, ఇంగ్లీషు కాకుండా వేరే లిపిలో రాసేవాళ్లందరికీ. శీర్షికల నుంచి లింకు చిరునామాలు తయారు చేసేటప్పుడు పైథాన్ మార్క్‌డౌన్ మామూలుగా రోమన్ అక్షరాలు కానివన్నీ తీసేస్తుంది. తెలుగులో శీర్షిక పెడితే ఏమీ మిగలదు, అండర్‌స్కోర్ 1, అండర్‌స్కోర్ 2 అని వరస నంబర్లు వస్తాయి. చూడ్డానికి తేడా తెలియదు, కానీ మధ్యలో ఒక కొత్త శీర్షిక చేర్చగానే కింది నంబర్లన్నీ జరిగిపోతాయి, మీరు ఎవరికో మెయిల్‌లో పంపిన లింకు వేరే విషయం దగ్గర తెరుచుకుంటుంది. లింకు విరగదు కాబట్టి ఎవరూ కంప్లైంట్ కూడా చేయరు, తప్పు చోట చదువుకుంటారు. విషయసూచిక తయారుచేసే టీఓసీ ఎక్స్‌టెన్షన్‌లో, తెలుగు అక్షరాలను ఉంచే యూనికోడ్ స్లగిఫై పెట్టుకోవచ్చు, లేదా ఆట్రిబ్యూట్ లిస్ట్ ఎక్స్‌టెన్షన్ ఆన్ చేసి ప్రతి శీర్షికకూ మీరే ఒక ఐడీ ఇవ్వొచ్చు. నేను రెండోదే చేస్తాను, శీర్షిక మాటలు మార్చినా ఐడీ మారదు.

ఐడీ మారకూడదని నేను ఇంత పట్టుబట్టడానికి కారణం ఎఫ్1. నా ప్రోగ్రాంలో ఏ విండోలో ఉన్నా ఎఫ్1 నొక్కితే ఆ విండోకి సంబంధించిన పేజీయే తెరుచుకుంటుంది. ఇది పాత అలవాటే, విండోస్ 3.0 నాటి విన్‌హెల్ప్ అనే హెల్ప్ ఫైళ్లలోనూ ఉంది, తర్వాత 1997లో వచ్చిన సీహెచ్ఎం అనే విండోస్ హెల్ప్ ఫైళ్లలోనూ ఉంది. నిజానికి సీహెచ్ఎం గొప్ప ఏర్పాటు, హెల్ప్ మొత్తం ఒకే ఫైల్, అందులోనే విషయసూచిక, సెర్చ్, నెట్ అక్కర్లేదు. 2005లో వచ్చిన సెక్యూరిటీ అప్‌డేట్ తర్వాత నెట్‌వర్క్ డ్రైవ్‌లో పెట్టిన సీహెచ్ఎం ఫైళ్లు తెరిస్తే ఎడమ వైపు సూచిక కనిపిస్తుంది, కుడి వైపు పేజీ ఖాళీ. నెట్ నుంచి దించుకున్న ఫైలైతే ప్రాపర్టీస్‌లోకి వెళ్లి అన్‌బ్లాక్ కొట్టాలి. హెల్ప్ చదవడానికి హెల్ప్ కావాల్సిన పరిస్థితి. అందుకే నేను దాని జోలికి పోలేదు.

ఎఫ్1ను వెబ్ పేజీలకు కలిపినప్పుడు వచ్చే చిక్కు ఏమిటంటే, పేజీ చిరునామా ఒకసారి రిలీజైన ప్రోగ్రాంలోకి వెళ్లిందంటే మళ్లీ మన చేతుల్లో ఉండదు. మూడేళ్ల కిందటి వెర్షన్ అలాగే వాడుకుంటున్న వాళ్లు నాకు ఇప్పటికీ ఉన్నారు, వాళ్లు ఎఫ్1 నొక్కితే మూడేళ్ల కిందటి చిరునామాయే తెరుచుకుంటుంది. నేనేమో మధ్యలో ఫోల్డర్లన్నీ మార్చేశాను. ఎంకేడాక్స్‌కి రీడైరెక్ట్స్ అనే ప్లగిన్ ఉంది, పాత చిరునామా కొత్త చిరునామా జంటలుగా రాసి పెడితే పాత చోట్ల ఒక చిన్న పేజీ పెట్టి కొత్తదానికి పంపిస్తుంది. బాగా పనిచేస్తోంది. ఇప్పుడైతే ఇంకా ముందుగానే జాగ్రత్త పడుతున్నాను, ప్రోగ్రాం నుంచి తెరిచే చిరునామాలన్నీ ఒక ఫైల్‌లో ఉంటాయి, బిల్డ్ అయ్యాక వాటిలో ప్రతి ఒక్కటీ సైట్‌లో ఉందో లేదో ఒక టెస్ట్ చూస్తుంది. వెర్షన్‌కి ఒక హెల్ప్ ఉంచాలనుకునే వాళ్లకి మైక్ అనే ఇంకో టూల్ ఉంది, నేను కొన్నాళ్లు వాడి మానేశాను. ఒక్క మనిషి నాలుగు వెర్షన్ల పేజీలు సరిగ్గా చూసుకోలేడు, తేడా ఉన్న చోట 'ఫలానా వెర్షన్ కంటే ముందైతే ఇలా చేయండి' అని ఒక మడత పెట్టెలో రాస్తే చాలు.

నెట్ లేని చోట వాడేవాళ్ల కోసం సైట్ మొత్తాన్ని ప్రోగ్రాంతో పాటు ఇన్‌స్టాల్ చేస్తాను. ఇక్కడ రెండు పనులు చేయాలి, లేకపోతే పనిచేయదు. ఎంకేడాక్స్ మామూలుగా ప్రతి పేజీనీ ఒక ఫోల్డర్‌గా చేస్తుంది, వెబ్‌లో చిరునామాలు అందంగా ఉంటాయి, కానీ డిస్క్ మీద నుంచి తెరిస్తే లింకు నొక్కగానే పేజీకి బదులు ఫోల్డర్‌లోని ఫైళ్ల జాబితా వస్తుంది. దానికి డైరెక్టరీ యూఆర్ఎల్స్ సెట్టింగ్ ఆపేయాలి. రెండోది సెర్చ్, డిస్క్ మీద నుంచి తెరిచిన పేజీకి బ్రౌజర్లు వేరే ఫైళ్లు చదవడానికి ఒప్పుకోవు కాబట్టి సెర్చ్ ఆగిపోతుంది. మెటీరియల్‌లోనే ఉన్న ఆఫ్‌లైన్ ప్లగిన్ ఆన్ చేస్తే అది సరైపోతుంది. వెబ్‌కి ఒక బిల్డ్, ఇన్‌స్టాలర్‌కి ఒక బిల్డ్ చేస్తున్నాను.

స్క్రీన్‌షాట్లు టూల్ సమస్య కాదు, కానీ హెల్ప్ రాసే ప్రతి ఒక్కరి టైమూ తినేది అవే. మొదట్లో ప్రతి మెట్టుకీ ఒక బొమ్మ పెట్టాను. రంగులు మార్చిన ఒక రిలీజ్‌తో నూటికి పైగా బొమ్మలు పాతబడ్డాయి. ఇప్పుడు బటన్ ఎక్కడుందో మాటల్లో చెప్పలేని చోట మాత్రమే బొమ్మ. బొమ్మలో ఉన్న మాటలు సెర్చ్‌కి దొరకవు, తెర చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ వాడే చూపు లేని యూజర్లకు అందవు, కాబట్టి తగ్గించడమే అన్ని రకాలా మంచిదైంది. మిగిలిన వాటిని చేత్తో తీయడం మానేశాను. ప్రోగ్రాంకి ఒక ఆప్షన్ పెట్టాను, దాంతో నడిపితే నమూనా ఫొటోలతో ఒక్కో విండో ఒకే కొలతలో తెరిచి బొమ్మ తీసి హెల్ప్ ఫోల్డర్‌లో పెడుతుంది. వెబ్ యాప్ చేసేవాళ్లకి ఇదే పని, బ్రౌజర్‌ను స్క్రిప్ట్‌తో నడిపే ప్లేరైట్ అనే టూల్‌తో ఇంకా తేలిగ్గా అవుతుంది. మెటీరియల్ ఇందులో ఒక మేలు చేసింది, బొమ్మ చిరునామా చివర ఒక చిన్న గుర్తు పెడితే చీకటి రంగుల్లో చదివేవాళ్లకి ఒక బొమ్మ, వెలుతురు రంగుల్లో చదివేవాళ్లకి ఒక బొమ్మ కనిపిస్తాయి.

పేజీల అమరికలో నేను డానియెలే ప్రోచీదా చెప్పిన డయాటాక్సిస్ పద్ధతి కొంతవరకు పాటించాను. మొదటిసారి నేర్చుకునేవాళ్లకి ఒక పాఠం, ఫలానా పని ఎలా చేయాలో చెప్పే పేజీలు, వివరాల పట్టికలు, ఎందుకలా అని వివరించే పేజీలు, ఈ నాలుగూ కలపొద్దంటారాయన. నాకు పెద్ద ఉపయోగం ఏమైందంటే, పని చెప్పే పేజీల్లోంచి వివరణలన్నీ తీసేయగలిగాను. బ్యాకప్ వెనక్కి తెచ్చుకునే పేజీలో మొదట బ్యాకప్ ఫైల్ లోపల ఏముంటుందో రెండు పేరాలు రాసి ఉండేవాణ్ణి. భయంలో ఉన్న మనిషికి అది అడ్డమే. ఇప్పుడు ఆ పేజీ 'మీ ట్యాగ్‌లు బ్యాకప్‌లో ఉన్నాయి. ఈ మెట్లు పూర్తయ్యేదాకా బ్యాకప్ ఫోల్డర్‌లో ఏదీ తొలగించకండి' అని మొదలై, వెంటనే మెట్లలోకి వెళ్తుంది.

మెటీరియల్‌లో 'ఈ పేజీ ఉపయోగపడిందా' అని అడిగే చిన్న బొమ్మలున్నాయి, అవి మామూలుగా గూగుల్ అనలిటిక్స్‌తో పనిచేస్తాయి. నేను పెట్టలేదు. దాని బదులు ప్రతి పేజీ కింద 'ఇక్కడ మీకు కావాల్సింది దొరకలేదా, నాకు రాయండి' అని ఒక మెయిల్ లింకు, సబ్జెక్ట్‌లో ఆ పేజీ పేరు ముందే ఉంటుంది. పదిమంది బొటనవేలు కిందికి నొక్కడం కంటే ఒక మనిషి 'మూడో మెట్టు దగ్గర నాకు ఆ బటన్ బూడిద రంగులో ఉంది' అని రాయడమే నాకు పనికొచ్చింది. ఆ ఒక్క మెయిల్ వల్ల పేజీలో వాక్యం కాదు, ప్రోగ్రాంలోనే తప్పు దొరికింది.

పీడీఎఫ్ కావాలంటే ఇది బలహీనం. దాంట్లోనే పీడీఎఫ్ చేసే వీలు లేదు, ప్లగిన్లు ఉన్నాయి గానీ పేజీలు విరిగే చోట్లు నాకు నచ్చలేదు, అడిగిన వాళ్లకి పాన్‌డాక్ అనే ఫైళ్ల రూపం మార్చే టూల్‌తో చేసి పంపిస్తున్నాను. అచ్చు పుస్తకంలాంటి మాన్యువల్ మీకు ముఖ్యమైతే స్ఫింక్స్ చూడండి, 2008లో పైథాన్ డాక్యుమెంటేషన్ కోసం జార్జ్ బ్రాండిల్ చేసినది, అచ్చు పేజీలు కూర్చే లేటెక్ ద్వారా పీడీఎఫ్ బాగా వస్తుంది, నేర్చుకోవడానికి మాత్రం ఎక్కువ టైం పడుతుంది. వెబ్ పేజీలు కట్టడానికి వాడే రియాక్ట్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ ముందే తెలిసి ఉంటే ఫేస్‌బుక్ వాళ్లు 2017లో విడుదల చేసిన డాక్యుసారస్ కూడా మంచిదే. నాకు మాటలు, మెట్లు, కొన్ని బొమ్మలే కావాలి, వాటికోసం డాక్యుసారస్‌కి కావాల్సిన నోడ్ (జావాస్క్రిప్ట్) ప్యాకేజీల గుట్టను చూసుకునే ఓపిక లేదు.

ఇక భవిష్యత్తు సంగతి. ఎంకేడాక్స్ 1.6.1 వచ్చింది 2024 ఆగస్టులో, ఆ తర్వాత నాకు చెప్పుకోదగ్గ కదలిక కనిపించలేదు. 2025 నవంబర్‌లో మెటీరియల్ బృందం జెన్సికల్ అనే కొత్త టూల్ ప్రకటించింది, మెటీరియల్‌ను మెయింటెనెన్స్‌లో పెట్టింది, అంటే ముఖ్యమైన తప్పులు దిద్దుతారు గానీ కొత్త ఫీచర్లు రావు. అప్పటిదాకా స్పాన్సర్లకు మాత్రమే ఇచ్చిన ఫీచర్లను 9.7.0 వెర్షన్‌తో అందరికీ ఇచ్చేశారు, అది మంచి మనసుతో చేసిన పని. జెన్సికల్ కూడా ఉచితమే, పాత ఎంకేడాక్స్ సెట్టింగుల ఫైల్‌ను అలాగే చదివేలా చేస్తున్నారు. నేనింకా మారలేదు, నేను వాడే ప్లగిన్లు అక్కడ సరిగ్గా పనిచేస్తాయని నమ్మకం కలిగాక మారతాను. కంగారు మాత్రం లేదు. నా పేజీలు మార్క్‌డౌన్ ఫైళ్లు, నా బొమ్మలు నా ఫోల్డర్‌లో ఉన్నాయి, వాడుతున్న వెర్షన్ నంబర్లు ఒక ఫైల్‌లో బిగించి పెట్టుకున్నాను, రేపు ఎవరూ ముట్టుకోకపోయినా ఈ సైట్ ఇలాగే తయారవుతుంది. పాత హోస్టెడ్ సర్వీస్ నుంచి బయటికి రావడానికి పట్టిన రోజులు గుర్తొస్తే ఈ తేడా నాకు చాలా పెద్దది.

మార్కులు అడిగితే 5కి 4 ఇస్తాను. ఆ ఒక్క మార్కు కోసింది 4 ఖాళీల గొడవకీ, పీడీఎఫ్‌కీ. కమాండ్ లైన్ అంటే భయపడే వాళ్లతో కలిసి రాయాల్సి వస్తే ఇది వద్దు, వాళ్లకి బ్రౌజర్‌లో రాసుకునేదే నయం. ప్రోగ్రామూ హెల్పూ రెండూ మీ చేతులతోనే రాస్తుంటే తీసుకోండి. తీసుకున్న మొదటి రోజు అందంగా కనిపించే హోమ్ పేజీతో మొదలుపెట్టకండి, మీ యూజర్ అన్నిటికంటే ఎక్కువ భయపడే సందర్భం ఏదో దాని పేజీ రాయండి, కొత్త కంప్యూటర్‌లో మీ ప్రోగ్రాం వేసి ఆ పేజీలోని మెట్లు ఒక్కొక్కటీ మీరే చేసి చూడండి. నేను ప్రతి రిలీజ్‌కి ముందు బ్యాకప్ పేజీతో అలా చేస్తున్నాను, పావుగంట పడుతుంది.